మణియాచ్చి జంక్షన్, మరుదైయారు వంతెన, మన గ్రూపు



ఇది పొడుగు వ్యాసం. భోంచేసి తీరిగ్గా కూర్చొని చదవండి. మేము చదివింది తమిళ బడిలో. ఇంట్లో తెలుగు మాట్లాడినా అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటినాకే. కాబట్టి తప్పులు కనిపిస్తే పెద్దలు దిద్దండి, కోపగించుకోవద్దు.

ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2025 ఏప్రిల్ 22న కశ్మీర్‌లో పహల్గాం దగ్గర బైసరన్ మైదానంలో 26 మందిని కాల్చి చంపినారు. దాదాపు అందరూ ఊరు చూడ్డానికి పోయిన బాటసారులే. మతం అడిగి మరీ కాల్చినారని బతికినవాళ్ళు చెప్పినారు. పోయినవాళ్ళల్లో మన భాష మాట్లాడేవాళ్ళు ఇద్దరు, ఒకరిది కావలి, ఒకరిది విశాఖపట్నం. ఆ మర్నాడో మూడో రోజో మన గ్రూపులో ఒక వీడియో వచ్చింది. పచ్చని కొండల మధ్య కొత్తగా పెళ్ళైన జంట ఒకటి డ్యాన్స్ చేస్తా ఉంది. చనిపోయిన పెళ్ళికొడుకు ఆఖరి నిమిషాలు ఇవే అని కింద రాసి ఉంది. మేము చూసి కళ్ళు తుడుచుకొని ఇంకో మూడు గ్రూపులకు పంపినాం. తర్వాత ఆ వీడియోలో ఉన్న జంటే బయటికి వచ్చి, అది మేమండీ, బతికే ఉన్నాం, మా వీడియో పెట్టి చనిపోయినామని చెప్తున్నారు అని మొత్తుకున్నారు. మనం పంపిన మూడు గ్రూపుల్లో ఆ మాట ఎవరూ పెట్టలేదు. మేమూ పెట్టలేదు, సిగ్గేసింది.

అదే వారంలో ఇంకొకటి జరిగింది. మన సభ్యుడొకరు, ఇకమీద మన బజారులో ఫలానా వాళ్ళ కొట్టుకు మనవాళ్ళెవరూ పోవద్దు అని రాసినారు. ఇరవై మంది దాకా చేతులు జోడించే బొమ్మలు పెట్టినారు. ఒక సభ్యుడు మాత్రం, ఆ కొట్టాయన మా నాయన పోయినప్పుడు పాడె మోసినవాడు అని ఒక్క మాట రాసి గ్రూపు వదిలి వెళ్ళిపోయినాడు. ఇప్పటికీ తిరిగి రాలేదు.

అప్పటినుంచి మాకు ఒకే ఆలోచన. బాటన పోయేవాళ్ళను చంపడం, దాని గురించి వార్తలు రావడం, ఆ వార్తల మీద మనం కొట్లాడుకోవడం మన కరిసల్ నేలకు కొత్తేమీ కాదు. కోవిల్‌పట్టి, విరుదునగర్ మీదుగా పోయే మన లైనే దీనికి సాక్షి. ఆ లైను మీద ముప్పై ఏళ్ళకు పైగా టికెట్లు కొట్టినవాళ్ళం కాబట్టి, తెలిసినంత రాస్తున్నాం.

1. మన ఇంటి కథ

మనమే ఒకప్పుడు బాటసారులం. మన ఇళ్ళల్లో అవ్వలు చెప్పే కథ అందరికీ తెలిసిందే. ఉత్తరాన ఒక తురక రాజు మన పిల్లను అడిగినాడు, ఇవ్వడం ఇష్టంలేక రాత్రికి రాత్రి మనవాళ్ళు దక్షిణానికి బయల్దేరినారు, వెనక సైన్యం తరుముతా ఉంది, ముందు ఏరు నిండుగా పోతా ఉంది, అప్పుడు కానుగ చెట్టు వంగి ఏరు దాటించింది. మన కంబళత్తు వాళ్ళు ఇప్పటికీ కానుగ చెట్టుకు మర్యాద చేస్తారు. థర్‌స్టన్ దొర 1909లో వేసిన కులాల పుస్తకంలో కూడా ఈ కథ ఉంది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన మన కి. రాజనారాయణన్ గారు 'గోపల్ల గ్రామం' నవలలో ఈ వలసనే తమిళంలో రాసినారు. ఆ నవలలో కూడా ఒంటరిగా బాటన పోతున్న ఒక ఆడమనిషిని నగల కోసం చంపుతారు.

కథ అందంగా ఉంది. మేమూ మనవళ్ళకు చెప్తాం. కానీ ఒకటి గమనించండి. ఆ రాజు పేరేమిటి, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏదీ మనకు తెలియదు. మిగిలింది 'తురక' అనే మాట ఒక్కటే. చేసినవాడి పేరు పోయింది, వాడి జాతి పేరు మిగిలింది. అందుకే 2025లో ఒక వార్త వస్తే మనకు గుర్తొచ్చేది ముందు ఆ మాటే. ఇది తప్పని అవ్వల మీద నింద వెయ్యడంలేదు. వార్త ఎట్లా నిలుస్తుంది, ఎట్లా అరుగుతుంది అనేదానికి మన ఇంట్లోనే ఉన్న ఉదాహరణ అని చెప్తున్నాం.

2. తిరునెల్వేలి కాల్పులు, బెజవాడ పత్రిక

ఇక కాగితం మీద ఉన్న చరిత్రకు వద్దాం. 1906లో వ.ఉ. చిదంబరం పిళ్ళై గారు తూత్తుకుడిలో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి, తెల్లవాళ్ళ ఓడలకు పోటీగా కొలంబోకు ఓడలు నడిపినారు. 1908 మొదట్లో కోరల్ మిల్లు కూలీల సమ్మెకు అండగా నిలబడినారు. 1908 మార్చి 12న ఆయన్ను, సుబ్రమణ్య శివాను పట్టుకున్నారు. మర్నాడు తిరునెల్వేలిలో జనం తిరగబడినారు, పోలీసులు కాల్చినారు, నలుగురు చనిపోయినారు.

ఆ వార్తకు తెలుగు పత్రిక ఒకటి బలైంది, ఇది మనవాళ్ళల్లో చాలామందికి తెలియదు. బెజవాడలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 'స్వరాజ్య' అనే వారపత్రిక నడుపుతా ఉన్నారు. అప్పటికి పాతికేళ్ళ వయసు. తిరునెల్వేలి కాల్పుల మీద ఘాటుగా రాసినందుకు ఆయన మీద రాజద్రోహం కేసు పెట్టినారు, మూడేళ్ళ శిక్ష పడింది. మన జిల్లాల్లో తమిళులు చనిపోయినారని ఎక్కడో కృష్ణ ఒడ్డున ఒక తెలుగాయన జైలుకు పోయినాడు. ఆ కాలానికి భాష అడ్డం రాలేదు.

ఇక్కడ ఇంకో సంగతి. 1907లో సూరత్ కాంగ్రెస్‌లో చీలిక వచ్చినాక తిలక్ గారి వైపు వాళ్ళను 'అతివాదులు' అన్నారు. చిదంబరం పిళ్ళై గారు ఆ లెక్కలో అతివాదే. ఆయన ఓడలు నడిపినారు, సమ్మె చేయించినారు, ఎవరినీ చంపలేదు. ఆయనకు కింది కోర్టు రెండు యావజ్జీవాలు వేసింది, తర్వాత తగ్గించినారు. కోయంబత్తూరు జైల్లో గానుగ లాగించినారు. ఓడ నడిపినవాడికీ, తుపాకి పట్టినవాడికీ ప్రభుత్వం ఒకే మాట వాడింది. పేపర్లో అతివాది, తీవ్రవాది, ఉగ్రవాది అని ఏ మాట కనిపించినా, ఆ మాట వాడింది ఎవరు, ఆ మనిషి నిజంగా ఏం చేసినాడు అని రెండు ప్రశ్నలు అడుక్కోవాలని మాకు ఇక్కడే తెలిసింది.

3. మణియాచ్చి, 1911 జూన్ 17

విరుదునగర్ నుంచి దక్షిణానికి పోతే సాత్తూరు, కోవిల్‌పట్టి, కడంబూరు, ఆ తర్వాత మణియాచ్చి. అక్కడ లైను చీలుతుంది, ఒకటి తూత్తుకుడికి, ఒకటి తిరునెల్వేలికి. 1914లో పాంబన్ వంతెన తెరిచేదాకా సిలోన్ బోట్ మెయిల్ తూత్తుకుడి నుంచే బయల్దేరేది. తిరునెల్వేలి వాళ్ళు దాన్ని అందుకోవాలంటే మణియాచ్చికి వచ్చి కాచుకోవాలి.

ఆ రోజు శనివారం. తిరునెల్వేలి కలెక్టరు రాబర్ట్ విలియం ఆష్, భార్య మేరీతో కలిసి ఫస్ట్ క్లాసు పెట్టెలో ఎదురెదురుగా కూర్చొని బోట్ మెయిల్ కోసం కాచుకొని ఉన్నాడు. పిల్లలు నలుగురు కొడైక్కానల్‌లో ఉన్నారు, వాళ్ళను చూడ్డానికి పోతున్నాడు. 1908లో చిదంబరం పిళ్ళై గారి మీద కక్ష కట్టిన అధికారుల్లో ఈయన ఒకడని జిల్లాలో పేరు. సెంగోట్టైకి చెందిన వాంజి అయ్యరు అనే పాతికేళ్ళ యువకుడు, పునలూరు అడవిశాఖలో పని, పెట్టెలోకి వచ్చి బ్రౌనింగ్ పిస్తోలుతో ఆష్‌ను కాల్చినాడు. తర్వాత ప్లాట్‌ఫాం మీద ఉన్న మరుగుదొడ్డిలో దూరి నోట్లో కాల్చుకొని చనిపోయినాడు. వెంట వచ్చినాడని చెప్పే ఒట్టపిడారం మాడసామి మళ్ళీ ఎవరికీ దొరకలేదు. ఆష్‌ను తిరునెల్వేలికి వెనక్కి తీసుకుపోతా ఉంటే దారిలోనే ప్రాణం పోయింది. అయిదు రోజులకు, జూన్ 22న, లండన్‌లో ఐదో జార్జి పట్టాభిషేకం.

వాంజి జేబులో ఒక ఉత్తరం దొరికింది. పట్టాభిషేకానికి నిరసనగా చేసినామని, 3000 మంది ప్రతిజ్ఞ పట్టినారని అందులో ఉంది. తర్వాత 14 మంది మీద కుట్ర కేసు నడిచింది, నీలకంఠ బ్రహ్మచారికి ఏడేళ్ళు పడింది. మూడు వేల మంది మాత్రం ఎక్కడా కనిపించలేదు. కానీ ఆ అంకె అప్పుడు చాలామందికి నిద్రలేకుండా చేసింది. అంకె పెద్దదిగా రాస్తే భయం పెద్దదవుతుంది, ఇది నూరేళ్ళ కిందటే తెలిసిన విద్య.

అదే ఉత్తరంలో సనాతన ధర్మం మాట ఉంది, జార్జి రాజును 'పంచముడు' అని తిట్టిన మాట కూడా ఉంది. మన సంఘంలో అరుంధతీయ కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ తాతలను అదే మాటతో పిలిచినారు. ప్రతి సంవత్సరం జూన్ 17న మన గ్రూపులో వాంజి బొమ్మ పెట్టి దండం పెట్టేవాళ్ళు ఉన్నారు. దానికి జవాబుగా, ఆష్ ఒక దళిత గర్భిణిని అగ్రహారం దారిన ఆసుపత్రికి తీసుకుపోయినాడు, అందుకే చంపినారు అనే కథ పెట్టేవాళ్ళు ఉన్నారు. వాంజి తన ఉత్తరంలో ఆ కథ గురించి ఒక్క మాట రాయలేదు. కారణం తన చేత్తో రాసిపెట్టుకున్నవాడు దాన్ని దాచిపెట్టాల్సిన పనిలేదు కదా. ఒకవైపు వాళ్ళు ఉత్తరంలో తమకు నచ్చని వాక్యాన్ని దాచిపెడతారు, ఇంకోవైపు వాళ్ళు ఉత్తరంలో లేని కథను చేరుస్తారు. ఈ రెండు పనులూ మన ఫోన్లల్లోనే జరుగుతున్నాయి.

మీరు ఏమంటారు, వాంజి వీరుడా, హంతకుడా అని మమ్మల్ని కొందరు నిలదీసినారు. మా జవాబు ఇది. వాంజిని, పహల్గాంలో కాల్చినవాళ్ళను ఒకే తక్కెడలో వేసి తూచడం మాకు చేతకాదు. వాంజి గురి ఒక పరాయి పాలకుడి మీద. ఎదురుగా కూర్చున్న ఆ పాలకుడి భార్యను ముట్టలేదు. తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఇవన్నీ నిజం. ఒక మనిషి భార్య ముందర, రైలు పెట్టెలో, చేతిలో ఆయుధం లేకుండా కూర్చొని ఉండగా చచ్చిపోయినాడు అనేదీ నిజం. ఆ ఒక్క పూటలో మేరీ ఆష్, సెంగోట్టైలో వాంజి భార్య పొన్నమ్మాళ్, ఇద్దరూ విధవరాళ్ళయినారు. ఒక నిజాన్ని చెప్పడానికి ఇంకో నిజాన్ని కొట్టెయ్యనక్కరలేదు.

ఆష్ సమాధి పాళయంకోట్టైలో ఉంది, తూత్తుకుడిలో ఒక మండపం ఉంది. సెంగోట్టైలో వాంజికి స్మారకం ఉంది. స్టేషన్ పేరు ఇప్పుడు వాంజి మణియాచ్చి. టికెట్ మీద కోడ్ మాత్రం ఎమ్.ఇ.జె. 2011లో నూరేళ్ళు నిండినప్పుడు ఆష్ మనవలు, మునిమనవలు వాంజి కుటుంబానికి సయోధ్య సందేశం పంపినారు. ఆష్ మీద, వాంజి మీద ఎంతో వెతికి రాసిన చరిత్రకారుడు ఏ.ఆర్. వెంకటాచలపతి గారి వల్ల ఆ సందేశం లోకానికి తెలిసింది. తాతను పోగొట్టుకున్న ఇంటివాళ్ళు స్నేహం అన్నారు. ఏమీ పోగొట్టుకోని మనం మాత్రం ప్రతి జూన్‌లో కొట్లాడుకుంటాం.

4. మరుదైయారు వంతెన, 1987 మార్చి 15

మణియాచ్చిలో గురి ఒక్క మనిషి మీద ఉండింది. 76 ఏళ్ళ తర్వాత అరియలూరు దగ్గర మరుదైయారు వంతెన మీద గురి ఎవరి మీదా లేదు, ఎవరొస్తే వాళ్ళ మీద.

ఈ వంతెన పేరు మన వైపు పాతవాళ్ళకు ముందే తెలుసు. 1956 నవంబర్ 23న మద్రాసు నుంచి తూత్తుకుడికి వచ్చే ఎక్స్‌ప్రెస్ అక్కడే వరదలో పడిపోయింది. విరుదునగర్, కోవిల్‌పట్టి రావాల్సిన బండి అది. 150 మంది దాకా పోయినారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా చేసినది దానికే. 1987 మార్చి 15 తెల్లవారుజామున అదే ఏటి మీద రాక్‌ఫోర్ట్ ఎక్స్‌ప్రెస్ పడింది. ఈసారి వరద లేదు, వంతెనకు బాంబు పెట్టినారు. 25 మంది చనిపోయినారు. తమిళనాడు విడుదల సైన్యం అనే తీవ్రవాద గుంపు పని అని తేలింది. దాని నాయకుడు తమిళరసన్. అదే సంవత్సరం సెప్టెంబర్ 1న పొన్పరప్పిలో బ్యాంకు దోపిడీకి పోయినప్పుడు జనం అతన్ని కొట్టి చంపినారు.

ఆ ఆదివారం మేము విరుదునగర్ బుకింగ్ కిటికీలో డ్యూటీలో ఉన్నాం. అట్ట టికెట్ల కాలం. వార్త కంట్రోల్ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా వస్తా ఉంది. పొద్దున తొమ్మిదికి సాత్తూరు వైపు పల్లె నుంచి ఒక ముసలావిడ వచ్చింది, మన భాషే. "నాయనా, నా కొడుకు రాత్రి మద్రాసులో బండెక్కినాడు, ఆ బండేనా?" అని అడిగింది. "అవ్వా, అది తిరుచ్చి దాకా వచ్చే బండి, మీ వాడు వేరే బండిలో ఉంటాడు" అన్నాం. కానీ తిరుచ్చిలో దిగి మారేవాళ్ళు ఎందరో ఉంటారని మాకు తెలుసు. మా గొంతులో ఆ అనుమానం ఆమెకు వినపడింది అనుకుంటాం, కిటికీ పక్కనే నేల మీద కూర్చుండిపోయింది.

అప్పుడే వరసలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు, శ్రీలంక నుంచి వచ్చిన శరణార్థి, యాసతోనే తెలిసిపోతుంది. వెనకనుంచి ఎవరో, వీళ్ళను రానిచ్చినందుకే ఈ బాంబులు అన్నారు. ఇంకొకరు ఔను అన్నారు. ఎవరు చేసినారో ఇంకా ఎవరికీ తెలియదు, చెయ్యి మాత్రం వరసలో ఉన్నవాడి వైపు చూపించేసింది. ఆయన చిల్లర లెక్కపెట్టుకొని, టికెట్టు తీసుకోకుండానే వెళ్ళిపోయినాడు. మేము కిటికీ లోపల ఉన్నాం, ఒక్క మాట అనలేదు. అది మా రెండో తప్పు. లెక్కకు మొదటిదే.

సాయంత్రం నాలుగింటికి ఆ అవ్వ కొడుకు దిగినాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకొని కిటికీ దగ్గరికి వచ్చి, "నాయనా, పోయినవాళ్ళ పేర్లు పేపర్లో వేస్తారా? చదివి చెప్తావా?" అంది. మర్నాడు పేపరు తెరిచి చూసినాం. మొదటి పేజీ నిండా వంతెన ఫోటో, మంత్రుల రాక, ఎవరు చేసినారనే ఊహలు. పేర్లు లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో, అవీ సగమే. ఆమె వస్తుందని ఆ పేపరు దాచిపెట్టినాం. రాలేదు.

ఇప్పుడు 'విడుదలై' సినిమా మొదట్లో బాంబుకు పడిపోయిన రైలును చాలాసేపు చూపిస్తారు. మన పిల్లలు దాన్ని ఎట్లా తీసినారబ్బా అని మెచ్చుకుంటారు. తమిళరసన్ పేరు ఇప్పుడు పుస్తకాల్లో ఉంది, చర్చల్లో ఉంది. ఆ 25 మందిలో ఒక్క పేరు మీకు తెలుసా? మాకూ తెలియదు.

5. 1997, బస్సు మీద పేరు

పేర్ల గురించే ఇంకో మాట. 1997 మేలో మన విరుదునగర్ జిల్లాకు కొత్త ప్రభుత్వ బస్సు సంస్థ వచ్చింది. దానికి వీరన్ సుందరలింగం పేరు పెట్టినారు. సుందరలింగం దేవేంద్రకులం వాడు, మన కట్టబొమ్మన సైన్యంలో దళపతి. 1799లో కయత్తారులో ఉరి తీయబడ్డ కట్టబొమ్మన ఇంటి భాష తెలుగు, ఆయనకు ప్రాణమిచ్చిన వీరుడి కులం దళిత కులం. కలిసి పోరాడినారు. రెండు వందల ఏళ్ళ తర్వాత ఆ పేరు ఉన్న బస్సు ఎక్కం అని కొందరు అన్నారు. బస్సుల మీద రాళ్ళు పడినాయి, ఊళ్ళు రగిలినాయి. చివరికి ప్రభుత్వం జిల్లాలకు, బస్సు సంస్థలకు ఉన్న నాయకుల పేర్లన్నీ తీసేసింది. సుందరలింగం ఒక్కడే కాదు, కట్టబొమ్మన, చిదంబరనార్, కామరాజర్, అందరూ బోర్డుల మీదనుంచి దిగిపోయినారు.

ఆ సంవత్సరమే జూన్ 30న మదురై నుంచి పోతున్న బస్సును ఆపి మేలవళవు పంచాయితీ అధ్యక్షుడు మురుగేశన్‌ను, ఇంకా కొందరిని నరికి చంపినారు. దళితుడు అధ్యక్షుడు అయినందుకు. డిసెంబర్ 6న మన పాండియన్ ఎక్స్‌ప్రెస్‌తో కలిపి మూడు రైళ్ళల్లో బాంబులు పేలినాయి. ఒకటి కులం పేరున, ఒకటి మతం పేరున. బస్సు ఆపినవాళ్ళను తీవ్రవాదులు అని ఏ పేపరూ రాసినట్టు మాకు గుర్తులేదు, కులఘర్షణ అని రాసినారు. రైల్లో బాంబు పెట్టినవాళ్ళను తీవ్రవాదులు అన్నారు. సీట్లో కూర్చున్నవాడికి రెండూ ఒకటే.

తమిళనాడులోనే ఇట్లా ఉంటుందని అనుకోవద్దు. 1990 అక్టోబర్‌లో హైదరాబాదు పక్కన చర్లపల్లి దగ్గర కాకతీయ రైలుకు నక్సలైట్లు నిప్పు పెట్టినారు, 47 మంది పోయినారు. కాల్చినవాళ్ళదీ మన భాషే, కాలినవాళ్ళదీ మన భాషే. 2014 మే 1న చెన్నై సెంట్రల్‌లో గువాహటి ఎక్స్‌ప్రెస్ ఎస్-4, ఎస్-5 పెట్టెల్లో బాంబులు పేలినాయి. పోయిన ఒకే ఒక్క ప్రాణం గుంటూరు అమ్మాయిది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటికి పోతా ఉంది. కులమో, మతమో, భాషో, సిద్ధాంతమో, ఏదో ఒక జెండా కింద అందరూ చేసినారు. ఏ గుంపూ చేతులు కడుక్కొని కూర్చోలేదు.

6. ప్రైవేట్ నంబర్

మళ్ళీ పహల్గాంకు వస్తాం. ఆ 26 మందిలో ఒకడు గుర్రం నడిపి బతికే స్థానిక ముస్లిం యువకుడు. వచ్చినవాళ్ళను కాపాడబోయి చనిపోయినాడని పేపర్లు రాసినాయి. భర్తను పోగొట్టుకున్న ఒక కొత్త పెళ్ళికూతురు, ముస్లింల మీద, కశ్మీరీల మీద ద్వేషం వద్దు, న్యాయం కావాలి అంది. ఆ పిల్లనే ఫోన్లల్లో బూతులు తిట్టినారు, మహిళా కమిషన్ ఖండించాల్సి వచ్చింది. అమెరికాలో ఒక పెద్ద పేపరు వాళ్ళను 'మిలిటెంట్లు' అని రాస్తే, కాదు 'టెర్రరిస్టులు' అని వాళ్ళ పార్లమెంటు కమిటీ ఒకటి దిద్దింది. మాట ముఖ్యమే, సాధువులను చంపినవాడిని మెత్తగా పిలవకూడదు. కానీ మాట మీద లోకమంతా కొట్లాడుతా ఉండగా, ఆ పిల్ల చెప్పింది వినేవాళ్ళు తక్కువైనారు.

రైల్వేలో ఒక పద్ధతి ఉంది. పక్క స్టేషన్ నుంచి లైన్ క్లియర్ అని ఫోన్ వస్తే స్టేషన్ మాస్టరు ఆ మాట నమ్మి బండి వదలడు. ఇద్దరూ ప్రైవేట్ నంబర్ మార్చుకుంటారు, రిజిస్టరులో రాసుకుంటారు. గొంతు గుర్తుపట్టినా సరే, పాతికేళ్ళ స్నేహితుడైనా సరే, నంబర్ లేకపోతే బండి కదలదు. తప్పు మాట మీద కదిలిన బండి ఎదురుగా వచ్చే బండిని గుద్దుతుంది, అంతే. ఫోన్‌లో వచ్చే వార్త కూడా బండే. పెట్టెల్లో మనుషులు ఉన్నారు. మేము ఇంతకాలం ఉద్యోగంలో పాటించినదాన్ని రిటైరైనాక ఒక్క నిమిషంలో మరిచిపోయినాం.

కాబట్టి సంఘానికి మూడు మనవులు.

ఒకటి. ఇట్లాంటి వార్త వస్తే ముందు పోయినవాళ్ళు ఎవరు, ఎక్కడికి బయల్దేరినారు అని చూద్దాం. ఎవరు చేసినారనేది పోలీసులు, కోర్టు తేల్చినాక మాట్లాడుకుందాం.

రెండు. ఈ వీడియో ఎక్కడిది, ఎవరు తీసినది అని చెప్పలేకపోతే పంపొద్దు. పొరపాటున పంపితే, పంపిన ప్రతి చోటా తప్పు అని రాద్దాం. ఆ డ్యాన్స్ వీడియో గురించి మేము ఈ రోజు పొద్దున ఆ మూడు గ్రూపుల్లో రాసినాం. ఆలస్యమైంది, కానీ రాసినాం.

మూడు. చేసినవాడి నేరాన్ని మన వీధిలో ఉన్నవాడి తలమీద వేయొద్దు. 1987లో వరసలోనుంచి వెళ్ళిపోయిన ఆ మనిషి ఆ రోజు ఎక్కడికి పోవాలనుకున్నాడో మాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా అప్పుడు అనిపించలేదు.

పోయిన వారం గ్రూపు వదిలి వెళ్ళిన ఆ సభ్యుడి ఇంటికి పోయినాం. కాఫీ ఇచ్చినాడు, కుటుంబం గురించి, వాన గురించి మాట్లాడినాడు. బయల్దేరేటప్పుడు, "మామా, ఆ మెసేజి ఇంకా అట్లే ఉందా?" అని అడిగినాడు. ఉంది అన్నాం. "అది తీసేసిన రోజు చెప్పండి, వస్తాను" అన్నాడు.

ఆ మెసేజి రాసినాయన ఈ వ్యాసం చదువుతా ఉన్నారని మాకు తెలుసు. ఆయన మంచి మనిషి, సంఘం కట్టడానికి రాయి మోసినవాడు. ఆయన పేరు ఇక్కడ రాయడంలేదు. ఆ కొట్టాయన పేరు కూడా రాయడంలేదు. ఆయన కొట్టు ఈ పొద్దు కూడా తెరిచే ఉంది, మేము పొద్దున అక్కడే పాలు కొన్నాం.

 తేదీల్లోగాని, అంకెల్లోగాని తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాం.